ముందు పలక, వెనక పలక

పోయిన నెల మా అన్నయ్యకి దగ్గు పట్టుకుని వదల్లేదు. మిరియాల పాలు, తులసాకు కషాయం, మందుల షాపువాడిచ్చిన సీసాలు అన్నీ అయ్యాక, ఇక లాభం లేదని బందరులో ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఆయనకి డెబ్భై, నాకు అరవై ఏడు. ఆటోలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చుంటే, ఎవరు ఎవర్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నారో చూసేవాళ్ళకి తెలియదు.

డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టెకి తగిలించి కాసేపు అలాగే చూశాడు. ఎడమవైపు పక్కటెముకల మధ్య, ఆవగింజ కన్నా కొంచెం పెద్దగా, తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తోంది.

"ఇదేంటండీ? లోపల ఇనప ముక్కేదో ఉన్నట్టుంది?"

అన్నయ్య దగ్గుతూనే నవ్వాడు. "సీసం గుండండీ, చిన్నప్పటిది. ఇదిగో, మా చెల్లెలు చేసిన కవచం ఉండబట్టి అక్కడితో ఆగింది. లేకపోతే మీకీ పేషెంటు ఉండేవాడు కాదు."

"కవచమా?"

"కాగితం కవచం."

డాక్టరు నా వంక చూశాడు. నేను ఫిల్ము వంక చూశాను. ఈ మాట అన్నయ్య యాభై ఏళ్ళకి పైగా చెబుతున్నాడు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు, మనవలకి కథగా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

"ముందు దగ్గు సంగతి చూడండి బాబూ," అన్నాను.

మా మావయ్యది దివిసీమలో సముద్రానికి చేరువగా ఉన్న ఊరు. పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడక్కడ ఆ ఊరు లేదు. చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి, మావయ్య ఇల్లున్న చోట ఐసు ఫ్యాక్టరీ లేచింది. అప్పట్లో మెరక మీద పాతిక తాటాకు ఇళ్ళు, వాటికవతల వరి, వరికవతల గడ్డి కూడా సరిగా మొలవని ఉప్పు నేల, ఆ పైన పాయ. పాయలో పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో పెరట్లో బావినీళ్ళు ఉప్పగా తగిలేవి. ఆ ఊళ్ళో నీళ్ళని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నేలని కూడా అంతగా నమ్మేవాళ్ళు కాదు.

నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బందరులో టీచరు. దసరా సెలవులివ్వగానే మమ్మల్నిద్దర్నీ, దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్టల్నీ వెంటేసుకుని వాళ్ళన్నయ్య ఇంటికి బయల్దేరేది. అవనిగడ్డ దాకా బస్సు, అక్కడి నుంచి మావయ్య పంపిన ఎడ్లబండి. బండిలో పరిచిన వరిగడ్డి వాసన, అమ్మ ఒళ్ళో డబ్బాలోంచి కొబ్బరి లౌజు వాసన, ఆఖరికి దూరం నుంచే ఎండుచేపల వాసన. ఆ మూడో వాసన తగిలిందంటే ఇక బావ ఎదురొస్తాడన్నమాట.

బావ మావయ్యకి ఒక్కగానొక్క కొడుకు. అన్నయ్యకి పదమూడైతే బావకి పదిహేను, నాకు పది. బండి కనిపించగానే చేల గట్ల మీద పరుగెత్తుకొచ్చి, కదులుతున్న బండి వెనక వేలాడి, "ఏం మరదలా, బందరు లడ్డు తెచ్చావా, ఉత్త చేతులేనా?" అనేవాడు. ఇంటికెళ్ళాక అత్తయ్య, "రేపు దానికి నువ్వే తెచ్చిపెట్టాలిరా," అని నవ్వేది. పెద్దవాళ్ళ ఆలోచనలు పెద్దవాళ్ళకుండేవి. నాకు సిగ్గూ కోపమూ వచ్చేవి, లోపల్లోపల కొంచెం సంతోషం కూడా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికేం.

అత్తయ్య వంటింటి వెనక చూరు కింద దాలి ఉండేది. నేలలో తవ్విన గుంటలో పిడకల నిప్పు వేసి, పొద్దున పాలకుండ పెడితే సాయంత్రం దాకా సన్నగా కాగుతూ ఉండేది. దాలి పొగ వాసన అత్తయ్య చీరలకి, మజ్జిగకి, చివరికి మా జుట్టుకి కూడా పట్టేది. సంతకెళ్తే అత్తయ్య కుండల దగ్గర కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేలి మెటికతో కొట్టి చూసేది. "ఖణేల్‌మంటే మంచిది. బొదబొదమందా, లోపలెక్కడో తేడా ఉన్నట్టే. పైన పటారం, లోన లొటారం," అంటూ పక్కకి నెట్టేసేది. అది చూసి అన్నయ్యా నేనూ కూడా గుమ్మడికాయల్నీ, గాదె గోడనీ, ఒకరి తల ఒకరమూ మెటికతో కొట్టి చూసేవాళ్ళం. అన్నయ్యకి చెవి మంచిది. కళ్ళు మూసుకుని విని, ఏ కుండ పగులుతుందో చెప్పేసేవాడు.

మావయ్య గదిలో దూలానికి పిట్టల తుపాకీ వేలాడుతూ ఉండేది. గొట్టంలో మందు పోసి, పీలికలు కూరి, ఆవాలంతేసి సీసం గుండ్లు పోసి, మళ్ళీ కూరి పేల్చాలి. శీతాకాలం పాయ మీద దిగే బాతుల కోసం పెట్టుకున్నాడు. మందు కొలవడానికి ఒక ఇత్తడి మూత ఉండేది. "కొలత తప్పావో, గొట్టం నీ మొహం మీదే పేలుతుంది," అని బావకి చెప్పి చెప్పి ఆయన నోరు అరిగిపోయేది. బావ చాలా విషయాల్లో తుంటరే గానీ ఆ మూత విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్తగా ఉండేవాడు. మూత నిండా పోసి, అంచు మీద ఉన్నది గోటితో తుడిచేసేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ ఏడు పక్క ఊళ్ళో నాటకాలు పెట్టారు. మాది చర్చి ఇల్లు. నాటకాలంటే అమ్మకి గిట్టదు, మావయ్యకి అసలే గిట్టదు. చేలో పిట్టలు తోలొస్తామని చెప్పి ముగ్గురం మధ్యాహ్నం వేళ జారుకున్నాం. నాటకం వాళ్ళు ఆ ఊరి బడిలో దిగారు. కిటికీలోంచి చూస్తే రాజు వేషం కవచం మేకుకి వేలాడుతూ ధగధగలాడిపోతోంది. బావ ఊచల సందున చెయ్యి పెట్టి దాన్ని కదిలించాడు. అది చాట కదిలినంత తేలిగ్గా కదిలింది.

"కాగితమే బాబూ," అన్నాడు లోపల అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాయన. కసురుకుంటాడనుకున్నాం గానీ దగ్గరికి పిలిచి చూపించాడు. "చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడకబెట్టాలి. ఆ జిగురుతో కాగితం మీద కాగితం అంటించుకుంటూ పోవడమే. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. ఏ వరసకి ఆ వరస నిలువునా ఎండాలి. తడి మీద ఇంకో వరస వేశావో, ఇక అది ఎందుకూ కొరగాదు."

"కత్తి దెబ్బకి ఆగుతుందాండీ?" అడిగాడు బావ.

"మాది అట్ట కత్తేగా, ఆగక ఏం చేస్తుంది! ఇది చూట్టానికే బాబూ. దెబ్బకి కాదు."

తిరిగొచ్చేటప్పుడు దారంతా బావ అందరికంటే ముందు నడిచాడు. పాయ గట్టు మీదికొచ్చాక ఆగి, "దెబ్బకి ఆగేది చేద్దాం," అన్నాడు.

మర్నాడే మొదలుపెట్టాం. ఛాతీకి ఒక పలక, వీపుకి ఒక పలక, భుజాల మీద తాళ్ళతో కట్టుకునేటట్టు. అచ్చు కోసం అత్తయ్య పారేసిన పెద్ద గోళెం బోర్లించి, అంటుకోకుండా బూడిద పూశాం. కాగితాలకి లోటు లేదు. పోయినేటి పరీక్ష పేపర్లు అత్తయ్యకి పొయ్యి రాజేసుకోవడానికి అమ్మ మోపు కట్టి తెచ్చేది. మోయడం అన్నయ్య పని, చింతపిక్కలు ఉడికించడం బావ పని, అంటించడం నా పని. పుస్తకాలకి అట్టలు వేసీ వేసీ నాకు ఆ పని బాగా వచ్చు. ముడత లేకుండా, గాలి బుడగ లేకుండా, అరచేత్తో మధ్యలోంచి అంచులకి నొక్కుకుంటూ పోవాలి. ఉడుకుతున్న జిగురు వాసన మొదట్లో కమ్మగా ఉండేది. రెండో రోజుకి పులిసేది.

ఆరబెట్టడానికి పాయ ఒడ్డున పడవలు బాగుచేసే చోటికి తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక ముసలాయన పడవల సందుల్లో పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తూ ఉండేవాడు. ఊరంతా ఆయన్ని పడవ తాత అనేది. మిగిలిన గుగ్గిలం మాకిచ్చేవాడు. అది పూస్తే పలక తేనె రంగుకి తిరిగి, మెటికతో కొడితే గంటలా మోగేది.

ఓ రోజు కొత్త పడవ నీళ్ళలోకి దించుతున్నారు. తాత అందరికంటే ముందు తడబడుకుంటూ వెళ్ళి అందులో కూర్చున్నాడు. పడవ పాయ మధ్య దాకా వెళ్ళి తిరిగొచ్చే వరకూ సొంతదారు కూడా ఒడ్డునే నిలబడ్డాడు.

"నువ్వెందుకు తాతా ముందెక్కావు?" అన్నాన్నేను.

"చేసినోడే ముందెక్కాలమ్మడూ. మా తాతల కాడ్నుంచీ అంతే. ఎందుకంటావా? ఏ సందులో చేతులు దులుపుకున్నాడో ఆడికొక్కడికే తెలుసు."

బావకి ఆ మాట బాగా నచ్చింది. ఆ రోజంతా ఏ పని చేసినా, "చేసినోడే ముందు," అంటూ తిరిగాడు.

వెనక పలక ముందు పూర్తయింది. వారం పట్టింది. అన్నీ కాల్చేసే ఎండలే కాబట్టి ఏ వరసకి ఆ వరస ఎండి, పలక వేలెడు మందం తేలింది. దాన్ని ఉప్పు నేలలో కొయ్యకి కట్టి పరీక్షలు మొదలుపెట్టాం. కొబ్బరి మట్టతో బాదాం, ఏం కాలేదు. పిట్టల్ని తోలే వడిసెలతో రాయి విసిరాం, గుగ్గిలం పెచ్చు ఊడింది అంతే. చేపల బల్లెంతో పొడిస్తే మొన దిగబడి, తియ్యడానికి ముగ్గురం లాగాల్సొచ్చింది. ప్రతి పరీక్షకీ మొదట సంతోషం వేసేది, ఆ తర్వాత ఇంకా పెద్ద దెబ్బ ఏముందా అని వెతుక్కునేవాళ్ళం. మాకెవరికీ ఇక చాలనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను భయపెట్టేది అదే.

మావయ్య అవనిగడ్డ వెళ్ళిన రోజున బావ తుపాకీ దించాడు. ఇత్తడి మూత నిండా మందు పోసి, అంచు గోటితో తుడిచి, ముప్ఫై అంగల దూరం నుంచి కొయ్య మీది పలకని కొట్టాడు. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పొగ తేలిపోయాక పరుగెత్తి చూస్తే పలకలో గుండ్లు పొదిగినట్టు కూర్చున్నాయి. ఒక్కటంటే ఒక్కటి అవతలికి రాలేదు. బావ నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. "మా మరదలి చేతిలో ఏదో ఉందిరా!" అన్నాడు. పదేళ్ళ పిల్లకి అంతకంటే ఇంకేం కావాలి!

తుపాకీ మోత విని పడవ తాత వచ్చాడు. పలక మీద చెయ్యి వేసి నిమిరి, "ఎండలో ఎండింది కాబట్టి నిలబడింది. ఇంక చాలించండి నాయనా. గాలి తూర్పుకి తిరిగింది," అన్నాడు. మేం తలూపాం.

ఆ సాయంత్రమే ముసురు పట్టింది. ఆకాశం నీళ్ళు కలిపిన సిరా రంగులో కిందికి దిగిపోయింది. కాకులు కూడా చూరు కిందే కూర్చున్నాయి. ఇంట్లో బట్టలు ఆరవు, పిడకలు ఓ పట్టాన అంటుకోవు, ఉప్పు డబ్బాలో నీరు దిగింది. మేం ఊరికి తిరిగెళ్ళడానికి ఐదు రోజులే ఉన్నాయి. ముందు పలకకి అప్పటికి రెండు వరసలైనా పడలేదు.

"అవ్వదులేరా, వచ్చే సెలవులకి చూద్దాం," అన్నాడు అన్నయ్య.

బావ మొహం చిన్నబోయింది. నేను చూడలేకపోయాను. "నేను చేస్తా," అన్నాను.

మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీసినప్పుడు దాలి మీది పాలకుండ పక్కకి దించి, పలక ఉన్న గోళేన్ని దాని మీదికి జరిపి, పైన గంప బోర్లించేదాన్ని. ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉండేది. ఎండిందనుకుని ఇంకో నాలుగు వరసలు వేసేసేదాన్ని. నాటకాలాయన మాట గుర్తు రాక కాదు. గుర్తొచ్చినా చేశాను. మూడు రోజుల్లో పలక తయారైంది. పడవ దగ్గర మట్టి మూకుట్లో మిగిలిన గుగ్గిలం వేడిచేసి, రెండు పూతలు పూశాను. చూపుకి వెనక పలక కంటే ఇదే బాగుంది.

మెటికతో కొట్టి చూశాను. కుడివైపు ఖణేల్‌మంది. ఎడమవైపు, సరిగ్గా గుండె ఉండే చోట, బొదబొదమంది. బొటనవేలితో నొక్కితే మగ్గిన సీతాఫలంలా కొంచెం లోపలికి దిగింది. అంచు దగ్గర ముక్కు పెడితే పులిసిన చింతపిక్కల వాసన. పైన కాలి, లోపల పచ్చిగా ఉండిపోయింది. దాని మీద ఇంకో కాగితం అంటించి, ఇంకో పూత పూశాను. ఎలాగూ కొయ్యకేగా కట్టేది, పగిలితే అప్పుడు చూసుకోవచ్చనుకున్నాను.

శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. పెద్దవాళ్ళు ముగ్గురూ పొద్దున్నే వెళ్ళారు. మధ్యాహ్నం దాటితే గానీ రారు. అమ్మ వెళ్తూ వెళ్తూ, "దాలి మీద పాలు ఉన్నాయి, పిల్లి చూసుకోండి," అంది.

వాన తెరిపిచ్చింది గానీ మబ్బు అలాగే ఉంది. ఉప్పు నేల నల్లబడి కాళ్ళకి అంటుకుంటోంది. ముసురుకి పని ఆగిపోయి పడవ తాత రాలేదు. బావ తుపాకీలో మందు కూరి సిద్ధం చేశాడు. నేను పలకల్ని తీసుకుని కొయ్య వైపు నడవబోతే ఆపాడు.

"కొయ్యకి కట్టి చూశాంగా. కవచమంటే మనిషి తొడుక్కునేది. చేసినోళ్ళే ముందు." అని నవ్వాడు. "ఏం మరదలా, భయమా?"

అతని నవ్వులో చెడ్డతనం ఇసుమంతైనా లేదు. వెనక పలకలో గుండ్లు ఎలా ఆగాయో కళ్ళారా చూశాడు. నా చేతి మీద నాకంటే ఎక్కువ నమ్మకం అతనికి. అందుకే అడిగాడు.

చెప్పాలి. "ఎడమవైపు పచ్చిగా ఉంది బావా" అంటే చాలు. నాలుగు ముక్కలు.  మా మరదలి చేతిలో ఏదో ఉంది అన్నాడుగా. నేను నోరు మూసుకుని, కట్టమన్నట్టు రెండు చేతులూ పైకెత్తాను.

అన్నయ్య నా చేతిలోంచి ముందు పలక తీసుకున్నాడు. మెటికతో కుడివైపు కొట్టాడు. ఖణేల్‌మంది. నేను కళ్ళు దించేసుకున్నాను. తర్వాత ఏం చేశాడో చూడలేదు. పాయ మీంచి గాలి హోరున కొడుతోంది.

"దీనికిది మోకాళ్ళ దాకా వస్తుంది. నేను తొడుక్కుంటా," అన్నాడు.

"చేసింది అదిగా?"

"కాగితాలన్నీ మోసింది నేను."

నేనే వాడికి తాళ్ళు కట్టాను. రెండుసార్లు ముడి జారిపోయింది. అన్నయ్య వెళ్ళి కొయ్య పక్కన నిలబడ్డాడు. అప్పుడు కూడా అరవచ్చు. ముప్ఫై అంగలే. బావ గురి పెట్టే దాకా, పెట్టాక కూడా, అరవడానికి టైముంది.

తుపాకీ పేలింది.

అన్నయ్య పడలేదు. కూర్చోబోయినవాడిలా మెల్లిగా మోకాళ్ళ మీదికి దిగాడు. "ఆగిందిరా," అన్నాడు, నవ్వుతూనే. ఆ తర్వాత కిందికి చూసుకున్నాడు. పలక ఎడమవైపు నిలువునా విచ్చుకుని, కుళ్ళిన అరటిబోదెలా పొరలు పొరలుగా తెరుచుకుంది. లోపలి కాగితాల మీద నీలం సిరా కరిగి పారుతోంది. అమ్మ ఎర్ర సిరాతో కొట్టిన టిక్కు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. దాని పక్కనుంచి ఇంకో ఎరుపు మెల్లగా పైకొచ్చింది. చింతపిక్కల పులుపు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అందుకే మా ఇంట్లో నేను చింతపండు నానబెట్టిన గిన్నె మీద ఎప్పుడూ మూత పెడతాను.

బావ తుపాకీ పారేసి, అన్నయ్యని భుజాన వేసుకుని కాంపౌండరు ఇంటి దాకా ఒక్క పరుగున తీసుకెళ్ళాడు. కాంపౌండరు రెండు గుండ్లు తీశాడు. మూడోది ఎముక సందున లోపలికి పోయిందనీ, కెలికితే ప్రమాదమనీ, అదే లోపల గూడు కట్టుకుంటుందనీ అన్నాడు. మూడు రోజులు అన్నయ్య జ్వరంలో మూలుగుతూనే ఉన్నాడు. అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఆ మూడు రోజులూ నేను దేవుడితో ఒకటే బేరం: వాడు బతికితే నిజం చెప్పేస్తాను. వాడు బతికాడు.

మావయ్య తుపాకీని పాయలో పారేశాడు. బావని పెరట్లో కొబ్బరి చెట్టుకి నిలబెట్టి బెల్టుతో కొట్టాడు.

"ఎంత పోశావురా మందు?"

"మూతకి సరిగ్గానే పోశాను నాన్నా."

"అబద్ధం! ఎంత పోశావు?"

"మూతే నాన్నా."

మళ్ళీ దెబ్బ. మళ్ళీ అదే ప్రశ్న. అలా ఎన్నిసార్లో. ఆఖరికి బావ ఏడుస్తూ, "ఎక్కువ పోశానేమో నాన్నా," అన్నాడు. అన్నాక ఆ మాట తనే నమ్మడం మొదలుపెట్టాడు. వంటింటి తలుపు వెనక నిలబడి అదంతా నేను విన్నాను.

కవచం గురించి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. కాగితం కవచం ఆగకపోవడంలో పెద్దవాళ్ళకి వింతేముంది! మర్నాడు ముందు పలకని పాయలో పడేశాను. మునుగుతుందనుకున్నాను. గుగ్గిలం పూసింది కదా, మునగలేదు. అలా తేలుతూ సముద్రం వైపు చాలా దూరం వెళ్ళింది.

తర్వాత మేం ఆ ఊరు వెళ్ళడం తగ్గిపోయింది. బావ చదువు ఆపేసి మంగినపూడి వైపు పడవల పనిలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య ఆ పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. ఏవైనా శుభకార్యాల్లో కనిపిస్తే బావ పందిరి బయటే నిలబడేవాడు. అన్నయ్య వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే తల దించుకునేవాడు. నా పెళ్ళికి బందరు లడ్డూల బుట్ట ఒకటి పంపాడు. తను రాలేదు. నాలుగేళ్ళ క్రితం పోయాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్యకి మందు పట్టి, మంచం దగ్గర కూర్చున్నాను. మామూలు కఫమేనట, పది రోజుల మందులు చాలన్నాడు డాక్టరు. ఎక్స్‌రే కవరు నా ఒళ్ళో ఉంది. అరవై ఏడేళ్ళు వచ్చాయి, ఇంకెప్పుడు చెబుతాను అనిపించింది.

"అన్నయ్యా, ఆ కవచం నిన్ను కాపాడలేదు. దాలి మీద ఎండబెట్టాను. ఎడమవైపు లోపల పచ్చి. కొట్టి చూశాను, నాకు తెలుసు. తెలిసీ నీకు కట్టాను."

ఆయన చాలాసేపు దగ్గి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఎడమవైపు నేను కూడా కొట్టి చూశానే," అన్నాడు.

నేను ఎక్స్‌రే కవరు ఒళ్ళోంచి తీసి మంచం మీద పెట్టాను.

"నువ్వు చేతులెత్తి నిలబడ్డావు. పచ్చిగా ఉందంటే బావ నవ్వుతాడు, నువ్వేడుస్తావు. నేనైతే కొంచెం పక్కకి తిరిగి నిలబడొచ్చులే అనుకున్నా. పదమూడేళ్ళ బుర్ర, అంతకంటే ఏముంటుంది?"

"మరి ఇన్నేళ్ళూ ఊరంతా నన్ను పొగిడావేం?"

"ఎవరూ నిన్ను అడగకుండా."

 ఆయన అనబోయేదీ నేను అడగబోయేదీ ఒకటేనని ఇద్దరికీ తెలుసు. చివరికి నేనే అడిగాను.

"బావకైనా చెప్పావా?"

అన్నయ్య గోడ వైపు తిరిగాడు. "చెప్తే నీ పేరు చెప్పాలిగా," అన్నాడు.

దగ్గు తగ్గిన వారానికి మంగినపూడి వెళ్ళాం. బావ భార్య మమ్మల్ని చూసి తడబడింది. "రండి అన్నయ్యగారూ, రా అక్కా," అంటూ కుర్చీలు వేసి, టీ పెట్టింది. మేం వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలియక కూర్చుంటే, ఆవిడే, "మీకొకటి చూపించాలి," అని అటక మీంచి లుంగీ గుడ్డలో చుట్టింది ఏదో దించింది.

వెనక పలక.

తేనె రంగు నల్లబడింది గానీ ఎక్కడా విచ్చుకోలేదు. గుండ్లు పొదిగినవి పొదిగినట్టే ఉన్నాయి.

"ఏటా వానలు వెళ్ళాక ఎండలో పెట్టేవాడు అక్కా. ఇదెందుకయ్యా దాస్తావంటే చెప్పేవాడు కాదు. దీన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ గుండ్లు లెక్కపెట్టేవాడు. 'రెండిటికీ ఒకటే మూత పోశాను. ఇందులో ఆగింది, అందులో ఎందుకాగలేదో' అనేవాడు. పోయే ముందు రోజు కూడా, 'నా చెయ్యి ఎక్కడ తప్పిందో తెలియలేదే' అన్నాడు."

అన్నయ్య నోరు తెరవబోయాడు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. చేసినవాళ్ళే ముందు.

పలకని ఒళ్ళోకి తీసుకుని మెటికతో కొట్టాను. ఖణేల్‌మంది. అప్పుడు మొదలుపెట్టి, దాలి దగ్గర్నుంచి పెరట్లో బెల్టు దెబ్బల దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పాను.  టీ మీద మీగడ కట్టింది.

అంతా అయ్యాక ఆవిడ నా ఒళ్ళోంచి పలక తీసుకుంది.

"ఆయన ఉండగా రావాల్సింది అక్కా," అంది.

దాన్ని మళ్ళీ ఆ లుంగీ గుడ్డలోనే చుట్టింది. మేం లేచి గుమ్మం దాటే దాకా అలా చుడుతూనే ఉంది.